ఎనిమిదో మలుపు దగ్గర సరస్సు

సముద్రపు గాలికి తలుపు టపటపా కొట్టుకుంటున్న దర్జీ కొట్టు. పత్రికలో ‘ఆదివారం కారు షికారు’ రాసే ఆయన గుమ్మంలో నిలబడి, చెప్పులకి లేని మట్టిని దులుపుకుంటున్నాడు.

"రండి సార్, కూర్చోండి. ఆ గుడ్డలు పక్కన పడెయ్యండి. మీరే స్వయంగా వచ్చారంటే... మీ వ్యాసం చదివి నేను పత్రికకి రాసిన ఉత్తరంలో తప్పేమైనా దొర్లిందా?"

"తప్పా! ఎంత బాగా రాశారు టైలర్ గారూ. నేను చెప్పిన దారినే కొండెక్కారు, ఎనిమిదో మలుపు దగ్గర కారాపారు, సరస్సులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. అంతేగా?"

"అంతే... అంతే అనుకోండి."

"అనుకోవడమేంటండీ? వెళ్లారుగా?"

"టీ తాగుతారా?"

"టీ వద్దు. మా ఎడిటర్‌కి ఇంకో ఉత్తరం వచ్చింది. ఎవరో పెద్దమనిషి పిల్లాజెల్లాతో అక్కడికి వెళ్లాడట. సరస్సూ లేదు, చెంబెడు నీళ్లూ లేవు, అన్నీ ముళ్ల పొదలే, రెండు టైర్లు పోయాయి, పిల్లలు దాహం దాహం అని ఏడ్చారు అని రాశాడు."

"అయ్యయ్యో. చిన్నపిల్లలా?"

"చిన్నవాళ్లే. ఎడిటర్ అగ్గిమీద గుగ్గిలం అయిపోయాడు. ఆ సరస్సు చూసినవాళ్లు ఒక్కరున్నా సంతకం పట్టుకురా, లేకపోతే రేపట్నుంచి రాకు అన్నాడు. చూశామని రాసింది మీరొక్కరే. ఇదిగో కాగితం. ఇక్కడ..."

"ఈ కత్తెర చూడండి సార్, ఎన్నిసార్లు సాన పట్టించినా..."

"కత్తెర సంగతి తర్వాత. సంతకం."

"మీరు నన్ను పట్టుకోడానికే వచ్చారు కదూ?"

"పట్టుకోవడమా?"

"ఇంక దాపరికమెందుకు? మేం వెళ్లలేదు సార్. సిగ్గుతో చస్తున్నాను. మా కారు కదిలి మూడేళ్లయింది. ఇంజిను పోయింది. అదిగో, పెరట్లో. ఆదివారం పొద్దున్నే నేనూ మా ఆవిడా తయారై అందులో కూర్చుంటాం. అద్దాలు దించుతాం. తను మీ వ్యాసం చదువుతుంది, నేను స్టీరింగు తిప్పుతాను. మీరు ఎడమకి అంటే ఎడమకి, కుడికి అంటే కుడికి. నవ్వుకోండి."

"నవ్వట్లేదండీ."

"మలుపుల్లో హారన్ కూడా కొడతాను. కొట్టమని మీరే రాశారుగా. చుట్టుపక్కల వాళ్లు ఏమనుకుంటారో అని..."

"ఆపండి, మీకు దణ్ణం పెడతాను. నేనూ వెళ్లలేదు."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ. నాకు కారు లేదు, నడపడమే రాదు. పాత మ్యాపు ఒకటి ముందేసుకుని రాస్తాను. అందులో ఎనిమిదో మలుపు దగ్గర నీలం మచ్చ ఉంది. సరస్సే అనుకున్నాను. తామరలు పూయించాను, కొంగల్ని దించాను."

"కొంగలు కూడా లేవా?"

"లేవు. మీ ఉత్తరం అబద్ధమని తెలిసే వచ్చాను. పెద్దాయన, మెత్తనివాడు, కాదనడులే అనుకున్నాను. ఛీ! దాహంతో ఏడ్చిన పిల్లల్ని కూడా అబద్ధాలకోరుల్ని చేద్దామని బయల్దేరాను."

"మెల్లగా సార్, మెల్లగా. లోపల మా ఆవిడుంది. ఆ ఉత్తరం తను చెబుతుంటే నేను రాసిందే. కాళ్లు తడిశాయని రాయండి అని మరీ మరీ చెప్పి రాయించింది. సరస్సు నిజంగా ఉందనే అనుకుంటోంది. ఇంజిను బాగవగానే ముందు అక్కడికే అంటోంది. తనకి మాత్రం చెప్పకండి..."

"ఏవండీ, వచ్చింది కారు షికారు బాబేనా?"

"ఆ... ఆయనే. నువ్వెందుకు లేచొచ్చావ్? వెళ్లి పడుకో."

"పడుకుంటే చెవులూ పడుకుంటాయా? అంతా విన్నాను. ఇటివ్వు బాబూ ఆ కాగితం, సంతకం నేను పెడతాను."

"వద్దమ్మా. అక్కడ చుక్క నీళ్లు లేవు. నేను రాసిందంతా అబద్ధం. ఇదిగో, చింపేస్తున్నాను. ఎడిటర్‌కి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను."

"నీళ్లు లేవని నువ్వు నాకు చెప్పాలా? చిన్నప్పుడు అక్కణ్ణించే రోజూ బిందె పట్టుకుని రెండు కోసులు కొండ దిగి ఎక్కేదాన్ని."

"ఏంటే నువ్వనేది? మీది కొండకింద టౌను కదే!"

"టౌను కాదు, ఆ మలుపు దగ్గరి ఊరే, ఇప్పుడు పాడుబడిపోయింది. నీళ్ల మొహం ఎరగని ఊరని మమ్మల్ని చూసి అందరూ ముక్కు మూసుకునేవాళ్లు. సిగ్గేసి పెళ్లప్పుడు మీకు టౌనని చెప్పాను. నలభై ఏళ్లు అలాగే నెట్టుకొచ్చాను."

"నాకు... నాకు కూడా చెప్పలేదా?"

"చెబుదామనే అనుకున్నానండీ, పోయిన ఆదివారం ఎనిమిదో మలుపు దగ్గర మీరు హారన్ కొట్టగానే... ఇదే మా ఊరు, చూశారా ఎన్ని నీళ్లో అని."