రెక్క కత్తిరించిన ఆరువందల చేపలు

శ్రీ బాగలూరు మునివెంకటప్ప గారు 1951వ సంవత్సరం మార్చి నెల ఐదవ తేదీ, సోమవారం నాడు, హోసూరులోని మన మత్స్యశాఖ కార్యాలయంలో సహాయకులుగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. జంతుశాస్త్రంలో పట్టభద్రులై, బాగలూరు పాఠశాలలో చాలాకాలం పాఠాలు చెప్పి, వయోపరిమితి సడలింపుతో శాఖలో ప్రవేశించిన ఆ పెద్దమనిషి, చేరిన నాడే స్పిరిట్ సీసాలో భద్రపరచిన చేపనొకదానిని తెచ్చి హెడ్ గుమాస్తా గారి బల్లమీద పెట్టి, "ఇది ఈడనే ఉండనీయండి, వచ్చేవాళ్లు చూస్తారు" అన్నారు. పరమ శాకాహారులైన హెడ్ గుమాస్తా గారు ఆ పూట భోజనం మానేశారు. ఈ పదిహేడేళ్లలో ఆయన మనల్ని నిర్ఘాంతపరచడం అదే మొదలు.

హోసూరు సీమలోని చెరువులలో మేలుజాతి చేపలను పెంచే కార్యభారాన్ని ఆయన ఏడేళ్లపాటు అవిశ్రాంతంగా నిర్వహించారు. పిల్లచేపలున్న మట్టికుండలను బస్సులో కాళ్లమధ్య పెట్టుకుని, నీరు నిలిచిపోతే వాటికి ఊపిరాడదని మత్తూరు చేరేదాకా చేత్తో కలియబెడుతూనే ఉండేవారు. కండక్టర్లు గొణిగినా, పక్కవారి పంచెలు తడిసినా, ఆ చెయ్యి ఆగేది కాదు. చేపల పట్ల అంత మెత్తనైన ఆ మనసు చేపలు పట్టేవారి పట్ల మాత్రం బిగుసుకుని ఉండేది. "కొలిచింది నమ్మండి, చెప్పింది నమ్మొద్దండి" అని కొత్తవారికి ఉపదేశించేవారు. ఆ ఉపదేశం ఎక్కడికి దారితీసిందో చెప్పకుండా ఈ అభినందన పూర్తికాదు. దానిని దాచకుండా రాయమని కోరినవారు కూడా ఆయనే.

1958లో ఆయన కృష్ణగిరి జలాశయానికి బదిలీ అయ్యారు. అక్కడ నలభైమూడు జాలరి కుటుంబాలు ఏటేటా లైసెన్సు తీసుకుని, పుట్టి అనే గుండ్రటి తెప్పలో తిరిగి వల వేసి బతుకుతున్నాయి. వారందరికీ పెద్దదిక్కు తిమ్మక్క అనే అరవై ఏళ్ల మనిషి. జలాశయంలో చేపలెన్ని ఉన్నాయో తేల్చదలచి, మునివెంకటప్ప గారు 1960 ఆగస్టులో ఆ జాలరుల చేతనే ఆరువందల బొచ్చెచేపలను పట్టించి, ఒక్కొక్కదాని పొట్టకింది కుడిరెక్కను కత్తిరించి, తిరిగి నీటిలో విడిచారు. తరువాత వలలలో పడేవాటిలో రెక్క తెగినవి ఎన్ని వస్తాయో చూస్తే, మొత్తం లెక్క అంచనాకు దొరుకుతుంది. ఆ రెక్కలు ఎందుకు కత్తిరించారో మాత్రం ఆయన వారికి చెప్పలేదు, చెబితే మోసం చేస్తారని భయం. గట్టుమీద కాపలాదారును నిలిపి, దిగిన ప్రతి బుట్టనూ వెదికించారు. సరిగ్గా ఆ నెలలోనే ఆయన ఏకైక పుత్రిక, ఆరేళ్ల కదిరమ్మ, టైఫాయిడ్ జ్వరంతో నలభై రోజులు మంచం పట్టింది.

ఏడాది గడిచింది. ఆరువందలలో ఒక్కటంటే ఒక్క చేప గట్టుకు రాలేదు. ఆయన మొదట విస్తుపోయారు, తరువాత మండిపడ్డారు. పెద్దచేపలన్నిటినీ గట్టు ఎక్కించకుండా దొంగచాటుగా బర్గూరు వైపు తరలించి అమ్ముకుంటున్నారని తీర్మానించి, ఆ నలభైమూడు లైసెన్సులనూ రద్దుచేసి, జలాశయాన్ని ఒకే గుత్తదారుకు అప్పగించవలసిందని పై కార్యాలయానికి నివేదిక పంపారు. అది మన హోసూరు కార్యాలయం మీదుగానే వెళ్లింది, దానికి సాఫు ప్రతి రాసినది ఈ వ్యాసకర్తే. రాసేటప్పుడు ఒక్క అనుమానమైనా రాలేదని సిగ్గుతో ఒప్పుకోవలసి ఉంది.

దొంగను దొంగ సొత్తుతోనే పట్టుకుందామని, నివేదిక వెళ్లిన నాలుగో రోజు తెల్లవారగానే ఆయన వెళ్లి తిమ్మక్క పుట్టిలో కూర్చున్నారు. ఆమె కాదనలేదు. రెండు వలలు ఉత్తవే వచ్చాయి. మూడోదానిలో మూరెడు బొచ్చె పడింది. దానికి కుడిరెక్క లేదు. తిమ్మక్క దాన్ని నెమ్మదిగా వలలోంచి తప్పించి, నీళ్లలోకి జారవిడిచి, తడిచేతులు కళ్లకు అద్దుకుంది.

"ఎందుకు విడిచినావమ్మా దాన్ని?" అని ఆయన అడిగారు.

"మీరు విడిచినదే కదా సామీ. పాపకి జరము వచ్చినప్పుడు గురుతు పెట్టి గంగమ్మకి విడిచినారే. అట్లాదాన్ని మేమెట్ల కోసేది?"

ఆ సీమలో దేవరకు మొక్కిన మేకపోతుకు చెవి కోసి గురుతు పెట్టి వదిలేస్తారు, దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. బాగలూరులో పుట్టి పెరిగిన ఆయనకు ఇది తెలియనిది కాదు. తెలిసి కూడా, తన కత్తెర అదే పని చేసిందని ఆయనకు ఏనాడూ తోచలేదు.

"ఎన్ని విడిచినారు?"

"లెక్క యాడ పెట్టినాము సామీ. పడినదాన్నంతా విడిచినాము. మాదప్పోళ్లు విడిచినారు, కదిరప్పోళ్లు విడిచినారు. అందరమూ విడిచినాము."

"ఎండకాలంలో వలలు ఉత్తవే వస్తా ఉండె కదా. అప్పుడు గూడానా?"

"అప్పుడు పడినదంతా గురుతుదే. పిల్లకాయలు ఆకలని ఏడ్చినారు. ఏమి చేసేది, పాప ప్రాణం కదా."

"నాతో ఒక్క మాట అనలేదే మీరు."

"మొక్కినోళ్లని మొక్కు గురించి అడగకూడదు కదా సామీ."

మునివెంకటప్ప గారికి అబద్ధం నోటికి రాలేదు, నిజం చెప్పేశారు. "నేను ఏ మొక్కూ మొక్కలేదమ్మా. లెక్కకని కత్తిరించినాను. మీరంతా దొంగలని పైకి రాసి పంపించేసినాను. మీ లైసెన్సులు పోతాయి."

తిమ్మక్క తెడ్డు ఆపేసింది. పుట్టి ఉన్నచోటనే తిరిగింది. ఆమె అన్నది, "మీరు మొక్కలేదేమో సామీ. మేము మొక్కినాము." తెడ్డు మళ్లీ అందుకుని పుట్టిని గట్టుకు తిప్పింది.

ఆయన ఇంటికి కూడా వెళ్లక, తడిసిన బట్టలతోనే సేలం బస్సెక్కి, పై కార్యాలయంలో తన నివేదికను వెనక్కి ఇమ్మని ప్రాధేయపడ్డారు. గుమాస్తా పొరపాటని రాసి సరిపెట్టుకొమ్మని అక్కడి అధికారి దయతో సలహా ఇచ్చారు. ఆ గుమాస్తా ఎవరో పాఠకులకు తెలుసు. మునివెంకటప్ప గారు ఒప్పుకోక, "తప్పు నాది. అడిగి ఉంటే చెప్పేవారు, వారిని నమ్మక నేను అడగలేదు" అని స్వహస్తంతో రాసి సంతకం చేశారు. లైసెన్సులు నిలిచాయి. ఆయనకు రావలసిన పదోన్నతి ఆగిపోయింది, ఆ తరువాత రానేలేదు. ఆ లేఖ నకలు మన కార్యాలయానికి వచ్చిన రోజున ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మధ్యాహ్నం టీకి కూడా ఎవరూ లేవలేదు. ప్రభుత్వ కాగితం మీద అటువంటి వాక్యాన్ని మనలో ఎవరమూ అంతవరకు చూసి ఉండలేదు.

తదుపరి సంవత్సరాలలో ఆయన వారానికి నాలుగు రోజులు పుట్టిలోనే గడిపారు. ఏ నెలలో చేపలు ఏ వంకకు ఎక్కుతాయో, ఏ గాలికి లోతుకు దిగుతాయో జాలరులనడిగి, చూసి నిర్ధారించుకుని, వార్షిక నివేదికలలో "తిమ్మక్క చెప్పినది" అని పేరుపెట్టి రాశారు. చదువురాని మనిషి పేరు శాస్త్ర నివేదికలో ఏమిటని పైనుంచి ఆక్షేపణ వస్తే, మరుసటి ఏడు మాదప్ప పేరు కూడా చేర్చారు. జలాశయంలో చేపల లెక్క మాత్రం నేటికీ తేలలేదు. రెక్క తెగినది ఎప్పుడు పడినా వాళ్లు విడిచేస్తూనే ఉన్నారు.

చిరంజీవి కదిరమ్మకు ఇప్పుడు పద్నాలుగేళ్లు. తన జ్వరం నాటి ఈ సంగతిని ఆమె ఈ సంచికలోనే మొదటిసారి చదువుతుంది. ఇంట్లో ఎన్నోసార్లు చెప్పబోయి, మాట మార్చేసి, రాసే పని తండ్రిగారు మనకు అప్పగించారు.

ఈ జూన్ నెలాఖరుతో ఆయన సర్వీసు ముగుస్తుంది. జలాశయాన్ని గుత్తకిచ్చే ప్రతిపాదన ఈ సంవత్సరం మళ్లీ పైకి లేచింది. దానికి ఆధారంగా ఎవరో ఆయన రద్దుచేయించిన పాత నివేదికనే, ఈ వ్యాసకర్త చేతిరాతలో ఉన్నదానినే, దుమ్ము దులిపి బయటికి తీశారు. విచారణ జూలై పందొమ్మిదిన. విశ్రాంత జీవితం ఎలా గడుపుతారని మొన్న మనవాళ్లు అడిగితే, "సోమవారం నుంచి జాలరుల సంఘంలో పని. వాళ్ల తరఫున చేపల శాస్త్రం నేను చెప్తాను" అన్నారు. అందరమూ నోళ్లు తెరుచుకుని చూశాము. తన నివేదికను తానే ఖండించడానికి ఆయన ఆ వైపు కూర్చుంటారు. శాఖ పక్షాన దానిని చదివి వినిపించవలసిన బాధ్యత ఈ వ్యాసకర్తకు పడింది.

శ్రీ మునివెంకటప్ప గారికి, వారి ధర్మపత్నికి, చిరంజీవి కదిరమ్మకు భగవంతుడు ఆయురారోగ్యాలను ప్రసాదించాలని, చూపు తగ్గకుండా, పుట్టిలో నిలబడే కాళ్ల సత్తువ తరగకుండా ఆయన నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులమందరమూ మనసారా ఆకాంక్షిస్తున్నాము. పందొమ్మిదో తేదీన ఆయన నిండు ఆరోగ్యంతో వచ్చి, ఎదుటి కుర్చీలో కూర్చుని, తన మాట నెగ్గించుకుని వెళ్లాలని, ఓడవలసిన పక్షాన నిలబడి ఈ వ్యాసకర్త ప్రార్థిస్తున్నాడు.