పాముచేప చక్రం మీద ఎర్మెస్ సముద్రయాత్ర

ఎర్మెస్ నోరు విప్పాడంటే మా సాన్ జెనోలో ఎవరి గ్లాసు వాళ్ళు దగ్గరికి లాక్కుంటారు. చేతులు విసిరి మాట్లాడతాడు మరి. మామూలుగా అయితే తలో వంకా చెప్పి మెల్లగా జారుకుంటాం. ఆ శనివారం మధ్యాహ్నం కరకట్ట మీదున్న జాయిరా బార్లోంచి మాత్రం ఎవరమూ లేవడానికి లేదు. మర్నాటి ప్రయాణానికి నాయకుడెవరో తేలాలి.

ఏటా అక్టోబరు చివర్లో మా ఊరి ముసలీ ముతకా అంతా సైకిళ్ళెక్కి, పో అనే మా నది కరకట్ట మీదుగా సముద్రందాకా వెళతాం. కార్లు రాకుండా కట్టకి అడ్డంగా ఇనప గొట్టం వేసి ఉంటుంది కాబట్టి ఇళ్ళలో ఆడవాళ్ళకి బెంగ లేదు. ఇన్నేళ్ళూ లెయార్కో మెళ్ళో ఈల వేసుకుని ముందు వెళ్ళేవాడు, మేం వెనకాల వెళ్ళేవాళ్ళం. ఈ ఏడు అతని మోకాలు మొరాయించింది. ఈల నెరీనోకే ఇస్తాడని అందరం అనుకున్నాం. నెరీనో ఎక్కువ మాట్లాడడు, తొక్కుతాడు. ఎర్మెస్‌కి అది మింగుడుపడలేదు. విత్తనాల కొట్టు నడిపిన మనిషి, మొలకెత్తని గింజల్ని కూడా మాటలతో మొలిపించి అమ్మినవాడు.

"నెరీనో మంచివాడే, కాదనను," అని అందుకున్నాడు. "కానీ రేపు పొగమంచు కమ్ముతుందని రేడియోలో చెప్పారు. మంచులో ఈ కట్ట మీద సముద్రందాకా వెళ్ళొచ్చినవాడు ఈ గదిలో ఒక్కడే ఉన్నాడు. పేరు చెప్పను. సొంత డబ్బా కొట్టుకోవడం నాకు చేతకాదు."

"మొదలెట్టాడు," అన్నాడు నెరీనో పేకముక్కలు కలుపుతూ.

"నా పెళ్ళికి ముందు మాట. మా అమ్మకి జ్వరం తగ్గింది గానీ నోరు చవి చచ్చిపోయింది. ఆల్చిప్పలేసి పాస్తా చేసుకుంటే రెండు ముద్దలు దిగుతాయేమో నాయనా అంది. తల్లి అంత నోరు తెరిచి అడిగాక ఎవడాగుతాడు? తెల్లారగానే మా నాన్న సైకిల్ తీశాను. పెద్ద ఘనకార్యమేం కాదు, ఎవడైనా చేస్తాడు, ఆ ముక్క ముందే చెప్పేస్తున్నా. కట్ట ఎక్కేసరికి మంచు. మంచంటే మీరు చూసే మంచు కాదు. చెయ్యి చాపితే వేళ్ళు కనపడలేదు, సరే, అది మామూలే, అసలు వేళ్ళున్నాయో లేదో రెండో చేత్తో తడిమి చూసుకోవాల్సొచ్చింది. బూటు లేసు ఊడితే సైకిల్‌ని మంచుకి ఆనించి కట్టుకున్నా. కదల్లేదు."

"ఏ గోడకో ఆనించి ఉంటావు," అన్నాను నేను.

"కరకట్ట మీద గోడెక్కడిదిరా? అటు నది, ఇటు చేలు, మధ్యలో నేను. ఇక ఆ నిశ్శబ్దం సంగతి చెప్పాలి. కారు లేదు, ట్రాక్టరు లేదు, మనిషి పొడ లేదు. నదిలో చేపలు ఇటునించి అటు ఒత్తిగిల్లడం వినపడుతోంది. ఎవరో వెనకాల గడ్డి కోస్తున్న చప్పుడైతే తిరిగి చూశాను, ఎవరూ లేరు, నా గడ్డం పెరుగుతోంది. అంతలో ఎదురుగా ఓ కుందేలు. గంట కొట్టాను. ఎంత మర్యాదస్తురాలో, పక్కకి తప్పుకుని నేను దాటేదాకా నిలబడింది."

"వేళ్ళే కనపడలేదన్నావు, కుందేలెలా కనపడింది?" అని లెయార్కో అడిగాడు.

"కనపడిందని ఎవరన్నారు? దాని చెవులు గడ్డికి రాసుకున్న చప్పుడు విన్నాను. అట్లా చెవులతోనే పోతున్నా. ఏ ఊరు వచ్చిందో కుక్కలు చెప్పేవి. ఊరికో యాసలో మొరుగుతాయి కుక్కలు, మీరెప్పుడూ పట్టించుకోలేదు గానీ. ఒక ఊళ్ళో ముక్కుతో మొరుగుతాయి, ఇంకో ఊళ్ళో సాగదీస్తాయి, కోపం లేకపోయినా సాగదీస్తాయి, అది వాటి తీరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గాలి పోయింది," అన్నాడు నెరీనో.

"నీకెలా తెలుసు?"

"కిందటేడు చెప్పినప్పుడూ అక్కడే పోయింది."

"నిజం ఎన్నిసార్లు చెప్పినా ఒకలాగే ఉంటుంది మరి," అని ఎర్మెస్ ఓ గుక్క ఎర్ర లాంబ్రూస్కో వైను తాగాడు. "ముందు చక్రం. ట్యూబు చిరిగి చింకిపాతైంది. వేరేవాడైతే ఏడుస్తాడు. నేను గడ్డి పీకి టైరులో కుక్కడం మొదలెట్టాను, మా నాన్న అలాగే చేసేవాడు. గడ్డితో ఎంత దూరం పోతాం? అప్పుడు కట్ట కింద వల చప్పుడైంది. ఎవడో పడవవాడు. మొహం కనపళ్ళేదు గానీ గొంతు మంచివాడి గొంతే. బాబూ, ఏమైనా ఉందా అన్నాను. పాముచేప ఒకటి ఉంది తీసుకో అన్నాడు. నా మణికట్టంత లావు, మీరు నమ్మరు."

"నమ్ముతాం, లావు వరకూ నమ్ముతాం," అన్నాను.

"దాన్ని చక్రం చుట్టూ చుట్టి, తోక నోటికి అందించి, పైన టైరు బిగించేశాను. గాలి కంటే గట్టిగా కూచుంది. ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఈ కాలంలో ప్రతి పాముచేపా సముద్రానికి పోవాలని తహతహలాడుతుంది. నదిలోంచి తీస్తే మాత్రం దాని పిచ్చి పోతుందా? చక్రంలోనే ఈదడం మొదలెట్టింది. దాని తోక దానికే దొరక్కుండా తరుముకుంటోంది, చక్రం తిరుగుతోంది. నేను పెడళ్ళ మీంచి కాళ్ళు తీసి ముందు కమ్మీ మీద పెట్టుకుని, జేబులో రొట్టె తీసి తింటున్నా. ఎంత వేగమంటే నదికే తికమక పుట్టింది. పొద్దుట్నించీ ఎడమచేతి వైపు వినపడుతున్న నీళ్ళ చప్పుడు కాస్తా కుడిచేతి వైపు నించి వస్తోంది."

నెరీనో పేకముక్కలు బల్ల మీద పెట్టాడు. "ఏ వైపు నించి?"

"కుడి. నది పక్క మారిందంటే నా వేగం ఎంతో నువ్వే లెక్కేసుకో."

కౌంటరు వెనక జాయిరా కప్పులు తుడవడం ఆపింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎత్తు తగిలింది. నవ్వకండి. మనం ఈ చదును నేల మీద పుట్టిన దరిద్రులం, మనకి ఎత్తంటే మంచం ఎక్కడమే. అక్కడ మంచు మేటలు వేసి గట్టిపడి కొండైపోయింది. పాముచేప ఆగలా, దాని మీదకే ఎక్కించింది. ఎక్కాను, ఎక్కాను, పైన చూస్తే ఎండ. ఆల్ప్స్ కొండలు నా మోకాళ్ళకి వస్తున్నాయి. వాటి మీద మంచు ఉండే సరికి పైనించి చూస్తే వరసగా పెట్టిన పంచదార చిలకల్లా ఉన్నాయి. ఇక దిగడం మొదలెట్టాక బ్రేకు పట్టిందా? పాముచేపకి ఉప్పు వాసన తగిలింది. ఆల్చిప్పలు ఏరేవాళ్ళు పక్కకి తప్పుకోండని అరుచుకునే లోపల నేను నేల దాటేశాను. నీళ్ళ మీద పోతున్నా. ప్యాంటు అంచు తడవలేదు. అవతలి ఒడ్డుకెళ్ళి ఆగింది సైకిల్. అప్పట్లో యుగోస్లావియా."

"పాస్‌పోర్టు అడగలేదా?" అన్నాను.

"మంచులో నన్ను చూసిందెవరు అడగడానికి? అక్కడ ఒడ్డునే ఓ కాఫీ కొట్టు. బయట బల్ల దగ్గర కూలబడ్డాను. కళ్ళద్దాల నిండా ఆవిరి, ఏం కనపడటం లేదు. తలకి శాలువా చుట్టుకున్నావిడెవరో కాఫీ తెచ్చిచ్చింది. ఏం కాఫీ అది. అమ్మా, మా ఊళ్ళో కాఫీ అంటే కాలవ నీళ్ళు, పుడితే ఇలాంటి ఊళ్ళో పుట్టాలి అన్నాను."

"ఏ భాషలో అన్నావు?" అని లెయార్కో అడిగాడు.

"మన యాసలోనే. చిత్రం అదే కదా. వాళ్ళక్కడ అచ్చం మనలాగే మాట్లాడతారు."

"మరి తిరిగి రావడం?"

"తిరిగి రావడమా," అని ఎర్మెస్ గ్లాసు అందుకున్నాడు. "అదేముంది—"

"అది నేను చెబుతాను," అంది జాయిరా.

చేతిలో గుడ్డ పక్కన పెట్టి మా బల్ల దగ్గరికొచ్చి, కుర్చీ లాక్కుని కూచుంది. ఆమె మా దగ్గర కూచోవడం మేమెప్పుడూ చూడలేదు.

"నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్త. ఎవరి మొహాలూ సరిగ్గా తెలీవు. ఊళ్ళో మగవాళ్ళంతా చర్చి దగ్గరి బారుకే పోయేవాళ్ళు, ఈ కట్ట మీదికి పిట్ట వచ్చేది కాదు. ఒక రోజు పొద్దున్నే ఘోరమైన మంచు. అందులోంచి ఒకతను సైకిల్ తొక్కుకుంటూ వచ్చి బయట కూచున్నాడు. సముద్రం దాటేశానా అమ్మా అన్నాడు. జ్వరంలో ఉన్నాడనుకుని వేడి కాఫీ ఇచ్చాను."

ఎవరూ నవ్వలేదు. ఎర్మెస్ గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళి అక్కడే ఆపాడు.

"టైరు బిగించడానికి సైకిల్ తలకిందులు పెట్టి ఉంటావు," అన్నాడు నెరీనో మెల్లగా. "మళ్ళీ నిలబెట్టేటప్పుడు ఇటు, మన ఊరి వైపు తిప్పావు. నదేం పక్క మారలేదు."

"టైరులో పాముచేప ఉందా?" అని నేను జాయిరాని అడిగాను.

"గడ్డి ఉంది. తీసి మా కుందేళ్ళకి వేశాను. ఆల్చిప్పలున్నాయా, మా అమ్మకి బాగాలేదు అన్నాడు. లేవు, కప్పల వేపుడుందన్నాను. పొట్లం కట్టిచ్చాను."

"మా అమ్మ అవి ఇష్టంగా తింది," అన్నాడు ఎర్మెస్. ఆ మధ్యాహ్నం అతను చెప్పినవాటిలో మేము ఎదురు ప్రశ్న వెయ్యని మాట అదొక్కటే.

"వెళ్ళేముందు అడిగాడు," అంది జాయిరా. "ఇక్కణ్ణించి సాన్ జెనో ఎంత దూరమమ్మా అని. ఎదురుగా మెట్లున్నాయి, దిగు బాబూ అన్నాను."

అప్పుడు నవ్వాం. లెయార్కో మోకాలు పట్టుకుని మరీ నవ్వాడు. ఎర్మెస్ చెవులు లాంబ్రూస్కో రంగుకి తిరిగాయి. మా నవ్వు తగ్గాక అతను జాయిరా వైపు తిరిగి, "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

"నా కాఫీ బాగుందన్న మొదటి మనిషివి నువ్వే. అత్తగారి ముందు అన్నావు కూడా. ఎలా చెప్పను?"

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"రేపు మా ఆయన కూడా వస్తున్నాడు," అంది జాయిరా. "ఆయన తిరిగి ఇంటికి రావాలి నాకు."

లెయార్కో మెళ్ళోంచి ఈల తీసి నెరీనో ముందు పెట్టాడు. నెరీనో దాన్ని చొక్కా జేబులో వేసుకుని మళ్ళీ పేకముక్కలు కలపడం మొదలెట్టాడు. ఎర్మెస్ బల్ల మీద తడి మరకని వేలితో రుద్దుతూ కూచున్నాడు. అతన్నలా చూడటం మాకు అలవాటు లేదు. చేతులు ఊపకుండా ఉంటే మనిషి చిన్నగా కనిపించాడు. లెయార్కోకి కూడా మనసొప్పలేదనుకుంటాను, అతని భుజం తట్టి, "నువ్వు అందరికంటే చివర రా. వెనక ఎవడైనా పడిపోతే చూసుకోవాలి, అదీ పెద్ద పనే," అన్నాడు.

ఎర్మెస్ మరక రుద్దడం ఆపాడు.

"తిరిగి వచ్చేటప్పుడు అందరూ ఉన్నచోటే వెనక్కి తిరుగుతారు కదా," అన్నాడు.

"తిరుగుతారు."

"అయితే అప్పుడు ముందుండేది నేనే," అని లేచి వెళ్ళి జాయిరాని కాఫీ అడిగాడు.