బర్చ్ చెక్క బిరడా

యల్మారి ఆ రోజు నిజం చెప్పడానికే వచ్చాడు. అరవై నాలుగేళ్ళుగా కోతలు కోసిన నోరది, నిజం చెప్పాలని పనిగట్టుకుని బయల్దేరడం అదే మొదలు. అలవాటు లేని పని కదా, ఎక్కడ మొదలెట్టాలో పాపం తెలియలేదు.

చెప్పాల్సింది సైమికి. పెట్రోలు బంకు పక్కన కాఫీ గది ఆవిడదే. తెల్లారకముందే లేచి రై రొట్టెలు కాల్చి, తెల్ల వ్యానులో నాలుగూళ్ళ కొట్లకీ వేసొచ్చి, అప్పుడొచ్చి కాఫీ పెడుతుంది. ఆవిడకి తిండి పెట్టేది ఆ వ్యానే. పోయిన సోమవారం "ఆయిల్ మార్పించాలి, మెకానిక్కుని అడగాలి" అని ఆవిడ నోట్లోంచి మాట వచ్చిందో లేదో, "నేనుండగా మెకానిక్కేమిటి సైమీ? మా షెడ్డులో పెట్టు, నువ్వొక కప్పు కాఫీ తాగేలోపు మార్చేస్తా" అనేశాడు యల్మారి.

మార్చాడు కూడా. ఇంజను కాస్త వేడెక్కనిచ్చి, కింద అట్టముక్క పరుచుకుని, పళ్ళెం పెట్టి, పాత నూనె దించి, కొత్త ఫిల్టరు వేశాడు. అంతవరకూ వంక పెట్టడానికి లేదు. నూనె నిలిచే చాంబర్ కింద బోల్టు బిగించేటప్పుడే బుద్ధి గడ్డి తింది. సైమి వ్యాను కదా, ఒక్క చుక్క కారకూడదని ఇంకో చుట్టు బిగించాడు. దాని మీద ఇంకో చుట్టు. కిర్రుమంది. చాంబర్లో బోల్టు పట్టే మర కాస్తా ఊడిపోయి, బోల్టు వదులు పన్నులా ఊగింది. పెద్ద సైజు బోల్టు శుక్రవారం గానీ రాదన్నాడు విడిభాగాల కొట్టువాడు. ఈలోగా ఏం చెయ్యాలి? ఆవిరి స్నానాల గది, ఆ సౌనా పొయ్యికి కొట్టి పెట్టుకున్న బర్చ్ కట్టెల్లోంచి ఒక ముక్క తీసి, నడుముకున్న చాకుతో బిరడాలా చెక్కి, సుత్తితో నాలుగు దెబ్బలేసి కన్నంలో దిగ్గొట్టాడు. నూనె పోశాడు. సైమికి మాత్రం చెప్పలేదు.

మూడు రోజులుగా వ్యాను రొట్టెలు మోస్తోంది, యల్మారికి నిద్ర లేదు. వ్యానుకి సర్కారు తనిఖీ వచ్చేవారం కదా, శుక్రవారం రాత్రికి ఎవరికీ తెలియకుండా సరిచేసేద్దామనుకున్నాడు. తీరా గురువారం కాఫీ గదిలో అడుగుపెట్టేసరికి సైమి అంది, "తనిఖీ వాళ్ళు ఇవాళ రెండింటికే రమ్మన్నారయ్యా. నలభై కిలోమీటర్లు. ఒకటిన్నరకి బయల్దేరాలి."

యల్మారి మనసులోనే లెక్క వేసుకున్నాడు. దారిలో బిరడా ఊడిందా, నూనంతా రోడ్డు పాలు, ఇంజను బిగుసుకుపోయి వ్యాను పాత ఇనుప సామానుకి పోతుంది. చెబితేనో, శనివారం సంగతేం కాను? శనివారం నదొడ్డున నాట్యశాల తెరుస్తారు. వేసవి మొదటి జంట నాట్యం, ఆ టాంగో, నీతోనే ఆడతానని సైమి మాటిచ్చింది. నాలుగు చలికాలాలు అడిగి అడిగి సంపాదించిన మాట అది.

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. కిటికీలోంచి వ్యాను కిందకి తొంగి చూశాడు. నేల పొడిగానే ఉంది. ఇంకా పట్టుకునే ఉందన్నమాట.

బల్ల దగ్గర ఎప్పటి ఇద్దరే. బంగాళాదుంపల రైతు నెస్తోరి, నవ్వితే కుర్చీ కూడా నవ్వుతుంది. రెండోవాడు కౌకో, ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా చేసి మానేసినవాడు, రోజుకి మూడు మాటలకి మించి ఖర్చు పెట్టడు. ఆ రోజెందుకో గోళ్ళ నిండా నల్లటి మడ్డి. యల్మారి చూశాడు గానీ, తన గోలలో తనున్నాడు.

సూటిగా చెప్పలేక, పక్కదారిన వద్దామనుకున్నాడు. "ఆయిల్ మార్చడమంటే గుర్తొచ్చింది," అన్నాడు గొంతు సవరించుకుని. "ఎంత పనిమంతుడికైనా ఒక్కోసారి చెయ్యి జారుతుంది. నాకే ఒకసారి..."

"నీకా? చెయ్యి జారడమా?" నెస్తోరి కనుబొమలెగరేశాడు.

అంతే. ఆ ఒక్క మాటకి యల్మారి నాలుక గాడి తప్పింది.

"జారిందంటే జారడం కాదురా, నా బలం నాకే ఎక్కువైంది. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, మా నాన్న పాత డీజిలు కారుకి నేనే ఆయిల్ మార్చేవాణ్ణి. పదకొండు నిమిషాలు, గడియారం పెట్టి చూసుకోండి, ఒక చేత్తో పానా, ఒక చేత్తో కాఫీ కప్పు, చొక్కా మీద చుక్క పడితే నన్నడగండి. ఆ ఏడు బోల్టు దగ్గర రోజుకొక చుక్క కారడం మొదలైంది. ఒక్క చుక్కే. కానీ మా ఇంట్లో చుక్క కారడమేమిటి? కిందకి దూరి, పానా పెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బోల్టు విరిగింది," అన్నాడు నెస్తోరి.

"బోల్టు కదిలితేగా విరగడానికి! అది భూమిలో పాతినట్టు నిలబడిపోయింది. కారు తిరిగింది. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు, బోల్టు చుట్టూ కారు మూడు చుట్లు తిరిగింది, లోపల వెనక సీట్లో మా అమ్మ కూర్చుని ఉంది, చర్చికి వెళ్దామని ముస్తాబై. మూడో చుట్టు అయ్యాక అద్దం దించి, 'ఒరే యల్మారీ, చర్చి వచ్చేసిందా?' అని అడిగింది."

నెస్తోరి బల్ల మీద చరిచాడు. సైమి యాలకుల బన్నులు పళ్ళెంలో సర్దుతూ, "నీ చేతిలో కాఫీ ఒలికిందా?" అంది తలెత్తకుండానే.

"ఒక్క చుక్క ఒలికితే ఒట్టు!" అనేశాడు యల్మారి. అని నాలుక కరుచుకున్నాడు. ఇప్పుడే కదా చెప్పాల్సింది! "అయితే సైమీ, అసలు సంగతేమిటంటే... ఆ తిప్పుడికి మర ఊడిపోయింది. కన్నం ఖాళీ. బోల్టు నిలబడదు. అప్పుడు నేనేం చేశానంటే... తప్పనిసరై... ఒక చిన్న బర్చ్ చెక్క..."

గడియారం ఒంటిగంట కొట్టింది. సైమి చెయ్యి ఆగింది. తలెత్తి సూటిగా అతని మొహంలోకి చూసింది. గుమ్మడికాయల దొంగ అనకముందే యల్మారి భుజాలు తడుముకున్నాడు.

"ఎంత లావు చెక్క?" అన్నాడు కౌకో. ఆ రోజుకి అదే మొదటి మాట.

"నా బొటనవేలంత," అన్నాడు యల్మారి నీరసంగా.

"హవ్వ! చాంబర్‌కి చెక్క బిరడానా?" నెస్తోరి పగలబడ్డాడు. "ఎవడైనా పెడతాడట్రా అలాంటిది? బుర్ర తక్కువ వెధవ కూడా పెట్టడు!"

అదిగో, అక్కడ పౌరుషం పొడుచుకొచ్చింది. చెక్క బిరడా గొప్పదని వీళ్ళ చేత ఒప్పిస్తే తను చేసింది తప్పే కాకుండా పోతుంది కదా అని, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, మళ్ళీ అందుకున్నాడు.

"నవ్వరా నవ్వు! ఆ బిరడా చూసుంటే నీ నోరు పెగిలేది కాదు. చెక్కిన చెక్కుడికి గాలి కూడా దూరలేదు. చలికాలమంతా ఒక్క చుక్క కారితే ఒట్టు. మంచు కరిగింది, ఏప్రిల్ వచ్చింది, చెట్లన్నిటికీ నీరెక్కింది. ఊళ్ళో అందరూ బర్చ్ చెట్లకి గాట్లు పెట్టి నీళ్ళు పట్టుకుంటున్నారు. ఒకరోజు పొద్దున ఇంజను మూత ఎత్తాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చిగురు! పచ్చగా, ఎలుక చెవంత చిగురు! బిరడా వేరూనింది నాయనా, చాంబర్లో వేరూనింది!"

"నూనెలోనా?"

"నూనే దానికి ఎరువు! నల్ల మడ్డంతా వేళ్ళు పీల్చేసుకుని, తేనె రంగులో చక్కటి నూనె పైకి వదిలేది. ఆ తర్వాత ఆయిల్ మార్చే అవసరమే లేకుండా పోయింది. మే నెలాఖరుకి కొమ్మలు ముందు జాలీలోంచి బయటికొచ్చాయి. ఆ కొమ్మలు కోసి కట్ట కట్టి సౌనాలో అందరిలాగే ఒళ్ళు బాదుకుంటే, చెప్పొద్దూ, ఆకు ఆకుకీ నూనె! మా తాత ఎనభై ఏళ్ళ కీళ్ళు, నడిస్తే పాత తలుపులా కిర్రుకిర్రుమనేవి, రెండు దెబ్బలు వేసుకున్నాడు, చప్పుడు పోయింది, ఆ సాయంత్రమే నది ఈదాడు."

"ఆ కట్ట నా నడుముకి ఉంచకపోయావా!" అన్నాడు నెస్తోరి కళ్ళు తుడుచుకుంటూ.

"ఉంచేవాణ్ణే, దుప్పి పడనిస్తేగా! ఆ ఆకు రుచి మరిగి ఒక దుప్పి నా వెంట పడింది. గంటకి నూరు మీద పోతున్నా, అదీ పరిగెడుతూ, పక్కనే మేస్తూ, తోక అద్దానికి కొడుతూ! హారను నొక్కితే హారను మోగేది కాదు, కోకిల కూసేది, కొమ్మల్లో గూడు పెట్టింది మరి. పెడళ్ళ మధ్య పసుపు పుట్టగొడుగులు. బ్రేకు వేసేముందు ఏరి బుట్టలో వేసుకునేవాణ్ణి, ఊరు చేరేసరికి కూరకి సరిపోయేవి."

"తనిఖీవాడు ఏమన్నాడు?" అంది సైమి. గొంతు మామూలుగానే ఉంది, కానీ ఆప్రాను ముడి విప్పుతోంది.

గడియారం ఒంటిగంట ఇరవై. యల్మారి వీపున చెమట పట్టింది. ఆపాలనే ఉంది. నోరు ఆగితేనా!

"తనిఖీవాడా? కిందకి దూరాడు, పైకొచ్చాడు, టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. 'దీన్ని బండి అని రాయాలా, అడవి అని రాయాలా?' అన్నాడు. అడవి శాఖవాణ్ణి పిలిపించాడు. వాడొచ్చి చుట్టుకొలత తీసి, 'చెట్టు ఆరోగ్యంగా ఉంది, కొట్టడానికి వీల్లేదు, నడుపుకోండి' అన్నాడు. అప్పటికది చర్చి గంట గోపురమంత అయింది. నేను రోడ్డు మీద పోతుంటే మూడూళ్ళకి నీడ. ఆకాశంలో విమానం వాడు నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు, కుడి వైపు నుంచి వచ్చేవాడికి దారివ్వాలి కదా అని!"

నెస్తోరి కుర్చీతో సహా వెనక్కి వాలి, గోడని పట్టుకుని నవ్వుతున్నాడు. "ఎన్నాళ్ళుందా బిరడా?" అన్నాడు కౌకో. రెండో మాట.

"నలభై ఏళ్ళు!"

తాళంచెవుల గలగల వినిపించింది. సైమి కోటు వేసుకుంది. వ్యాను తాళాలు చేతిలో ఉన్నాయి. గడియారంలో ముల్లు ఒకటిన్నరకి ఒక్క గీత ఇవతలుంది.

యల్మారి నోట్లో తరవాతి మాట సిద్ధంగానే ఉంది, చెట్టు మీద మంచుదుప్పటి, మేఘాలు, ఇంకేవో. అది అక్కడే ఎండిపోయింది. ఆ రోడ్డు కళ్ళ ముందు కనిపించింది. నలభై కిలోమీటర్లు, ఆవిడ ఒక్కతీ, కింద వేలెడు చెక్కముక్క. మాటలు కోటలు దాటుతాయి గానీ, ఆ బిరడా ఊరి పొలిమేర కూడా దాటదని అతనికి తెలుసు. పోతే పోనీ టాంగో. లేచి వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"వెళ్ళకు సైమీ. నీ వ్యానులో బోల్టు లేదు. నేను ఎక్కువ బిగించాను, మర ఊడింది. బర్చ్ చెక్క కొట్టాను. చెప్పడానికి భయమేసింది."

నెస్తోరి గది కప్పు ఎగిరిపోయేలా నవ్వాడు. "అబ్బో! అన్నిట్లోకీ ఇదే పెద్ద కోతరా! నిన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడు!"

"కోత కాదు నెస్తోరీ, నా మీదొట్టు!"

"ఇంకో ఒట్టా! చాలు బాబోయ్, కడుపు నొప్పెడుతోంది!"

యల్మారికి ఏడుపొక్కటే తక్కువ. జీవితంలో మొదటిసారి నిజం చెబితే నమ్మే దిక్కు లేదు. సైమి వైపు చూశాడు. సైమి నవ్వడం లేదు. కోటు జేబులో చెయ్యి పెట్టి, ఏదో తీసి, కాఫీ సాసరులో టక్కున పెట్టింది. బొటనవేలంత బర్చ్ ముక్క. నూనె పట్టి నల్లగా నిగనిగలాడుతోంది, చాకు గాట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

నెస్తోరి నవ్వు సగంలో ఆగిపోయింది.

"పొద్దున్న రొట్టెలు వేసొచ్చి మా ఇంటి పెరట్లో బండి ఆపితే కింద నూనె మడుగు," అంది సైమి. "కౌకోని పిలిచాను. ఇదిగో, నీ చెట్టు. చూడవయ్యా యల్మారీ, బయట బర్చ్‌లన్నీ ఆకేశాయి. మూడు రోజులు నూనెలో నానినా ఇది మాత్రం చిగురెయ్యలేదు."

ఈసారి నెస్తోరి నవ్వింది యల్మారి చెప్పిన కథకి కాదు, యల్మారిని చూసి. కౌకో తన నల్లటి గోళ్ళు చూసుకుంటూ మూడో మాట ఖర్చు పెట్టాడు. "పెద్ద బోల్టు నా డబ్బాలో ముప్పై ఏళ్ళుగా ఉంది. ఎవడో ఒకడు ఇలా చేస్తాడని దాచా. మర కోసి వేసేశా."

"అంటే... వ్యాను బాగానే ఉందా?" యల్మారి తలుపు వదిలి ఒకడుగు ముందుకేశాడు. "మరి రెండింటికి తనిఖీ..."

"తనిఖీ వచ్చే బుధవారమే." సైమి కోటు విప్పి మేకుకి తగిలించింది. "ఏం, కోతలు నువ్వొక్కడివే కొయ్యగలవనుకున్నావా? ఒకటిన్నరలోపు నీ అంతట నువ్వు నిజం చెబుతావో లేదో చూద్దామనుకున్నా. ఒక్క నిమిషం ముందు చెప్పావు. ఆ ఒక్క నిమిషమే నిన్ను కాచింది."

యల్మారి కుర్చీలో కూలబడ్డాడు. సిగ్గూ, ఊరటా ఒక్కసారే కమ్ముకొచ్చాయి. సైమి అతని కప్పులో వేడి కాఫీ పోసి, పక్కన ఒక బన్ను పెట్టింది.

"మరి... శనివారం?" అన్నాడు మెల్లిగా.

"శనివారం వస్తాను. మాటిచ్చాను కదా," అంది సైమి. ఖాళీ కప్పులు తీసుకుని నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "టాంగోలో నడుం పట్టుకునేటప్పుడు మాత్రం, ఒక్క చుట్టు తక్కువే బిగించు నాయనా."