తెలిసినోడి గొంతు

వేటకని బయలుదేరిన బావాబావమరదుల పడవ, నాగావళి సముద్రంలో కలిసేచోట ఇసుక మేటలో ఇరుక్కుపోయింది.

“ఇక్కడ మేటున్నాదని నీకు ముందే తెలుసేటి?”

“నీళ్లు తెల్లగా ఉంటే అనుమానం వొచ్చింది బావా.”

“మరి నోరెందుకు ఇప్పలేదురా?”

“లోతున్నాదని నువ్వంత గట్టిగా అన్నావు కదా. నీ గొంతు విన్నాక నా కళ్లమీద నాకే నమ్మకం పోనాది.”

“బుర్ర తక్కువ సచ్చినోడా!”

“నానూ అదే అనుకుంతన్నాను.”

“పెద్ద కెరటం తగిల్తే పడవ ముక్కలైపోతాది. కుడిపక్కకి తోసీ. అటు లోతు, నాకు తెలుసు.”

కుడిపక్క నీళ్లు తెల్లగా ఉన్నాయి. ఎడమపక్క నల్లగా ఉన్నాయి. బావమరిది రెండూ చూశాడు.

“ఏటిరా సూస్తన్నావు?”

“ఏటీ లేదు బావా.”

నీళ్లలోకి దిగి, భుజం ఆనించి, పడవని కుడిపక్కకే తోశాడు.