డెల్ఫా చేసిన తూటాలు

వయోమింగ్‌లో ఒక కాల్పుల మైదానం. చివరి బల్ల దగ్గర రివాల్వర్‌తో వెండెల్, వెనక అతని కూతురు మార్లిస్. వెండెల్ భార్య డెల్ఫా పోయాక వచ్చిన మొదటి వేసవి.

"చప్పుడుకి చెవులకి డిప్పలు పెట్టుకో. లేదా పోయి కార్లో కూర్చో."

"అవి కాల్చొద్దు నాన్నా. విప్పి గుళ్ళొక పక్క, మందొక పక్క తీసేద్దాం."

"మీ అమ్మ చేత్తో చేసినవి విప్పడానికి నేనెవణ్ణి?"

"ఇంకొకళ్ళు చేసిన తూటా ముట్టుకోకూడదని నేర్పింది నువ్వే కదా."

"మీ అమ్మ నాకు ఇంకొకళ్ళా?"

"అది కాదు. అన్నీ అమ్మ చేసినవేనా?"

"ఆవిడ పెట్టె. ఇంకెవరివి? జరుగు."

"సరే, పేలింది కదా. ఇక పద."

"దుర్భిణిలో చూడు. ఎక్కడ పడింది?"

"నడిమధ్యలో."

"ఉండు. ఇప్పుడు?"

"దాని పక్కనే. రెండు కన్నాలూ కలిసిపోయాయి."

"వేగం చూపించే పెట్టె ఏమంటోంది?"

"రెండింటిదీ ఒకటే వేగం."

"ఒకటే ఉంటుంది. మతి పోయిన మనిషి పోసిన మందులా ఉందా?"

"మతి పోయిందని నేననలేదు."

"మరేమన్నావు? నిరుడు ఇదే బల్ల దగ్గర ఒక తూటా తుస్సుమంటే, అమ్మకి చెయ్యి తప్పుతోంది, తూటాలు చేసే షెడ్డుకి తాళం వెయ్యాలన్నది ఎవరు? తాళంచెవి సంచిలో వేసుకుని కాస్పర్‌లో నీ ఇంటికి పోయింది ఎవరు?"

"నేనే."

"తర్వాత ఆవిడ ఏం చేసిందో తెలుసా? వంటింట్లో కూర్చుని చొక్కా గుండీలు ఏరింది. రంగులవారీగా వేరు చేసేది, మళ్ళీ కలిపేది, మళ్ళీ ఏరేది. శీతాకాలమంతా అదే పని."

"తెలుసు."

"నీకేం తెలుసు. క్రిస్మస్‌కి వచ్చావు, తిన్నావు, పోయావు."

"ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం నాన్నా."

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏవో. కాల్చుకో నువ్వు."

"ఇది చూడు. ఇది కూడా."

"బాగున్నాయి. అన్నీ బాగున్నాయి. ఇది చూపించడానికేనా రమ్మన్నావు?"

"దానికే. నీ కళ్ళతో చూడు. చూశాక మీ అమ్మ సమాధి దగ్గరికెళ్ళి తప్పయిందని చెప్పు. చెప్పేదాకా నా గడప తొక్కొద్దు."

"చెప్తాను. ఇప్పుడే వెళ్ళి చెప్తాను. మిగిలినవి వదిలెయ్."

"మొత్తం కాలుస్తాను. ఆవిడ మీద మచ్చ ఉండకూడదు."

"నాన్నా, నా మాట విని—"

"చెవులు."

"ఆగు. ఆగు నాన్నా. మళ్ళీ నొక్కకు."

"తుస్సుమంది."

"విన్నాను. గొట్టం అటే ఉంచు. కదపకు. కాసేపాగు."

"నాకు నేర్పకు."

"సరే. ఇప్పుడు తెరువు."

"గుండు గొట్టంలో ఇరుక్కుంది. లోపల మందు లేదు."

"ఇంకోటి నొక్కుంటే తుపాకీ చేతిలోనే పగిలేది."

"గెలిచావు. పో. చెయ్యి తప్పింది మీ అమ్మకి. చాలా?"

"నేనేమీ అనలేదు."

"అను. నోరుందిగా."

"ఆ గొట్టం పారెయ్. ఇంటికి పోదాం."

"ఏ గొట్టం?"

"తూటాది, ఇప్పుడు తీసిన ఇత్తడిది. ఇలా ఇవ్వు, నేను పారేస్తాను. చూడకు."

"ఎందుకు చూడకూడదు? ... దీని అడుగున రంగు లేదు."

"చెరిగిపోయుంటుంది."

"చెరగదు. చెమ్మ దిగకుండా ప్రతిదాని అడుగునా తన గోళ్ళ రంగు అద్దేది మీ అమ్మ. ఇందాక కాల్చినవాటికి ఉంది, చూడు, ఎర్రగా. దీనికి లేదు."

"ఒకటి మర్చిపోయుంటుంది."

"మొన్న షెడ్డు తాళం పగలగొట్టినప్పుడు పెట్టె సగమే ఉంది. సగం పెట్టె చూడలేకపోయాను. మిగతావి... మిగతావి నేనే చేసి నింపాను."

"పోనీలే. అందరికీ జరుగుతుంది."

"మందు పోశాను. తూచి పోశాను. పోసినట్టే గుర్తు."

"కూర్చో నాన్నా."

"నిరుడు తుస్సుమన్నది. దాని అడుగు నేను చూడలేదు. కోపమొచ్చి చెత్తడబ్బాలో విసిరేశాను."

"అమ్మ తీసింది."

"తీసి?"

"నాకు చూపించింది."

"రంగుందా?"

"కాఫీ తాగుతావా? ఫ్లాస్కులో ఉంది."

"ఉందా, మార్లీ?"

"లేదు."

"మరి తనదేనని ఎందుకు తలూపింది? అందరి ముందు, నేనలా అరుస్తుంటే, ఒక్క మాట అనకుండా?"

"నీదని చెప్తే నువ్వు తూటాలు చెయ్యడం చచ్చినా మానవంది. తన మీద వేసుకుంటే షెడ్డు మూసేయొచ్చంది. తాళం కొని నా చేతిలో పెట్టింది అమ్మే."