గెడ్డకి అమ్మోరు పోసినప్పుడు

కూకో యమునమ్మా, కూకో. ఆ కుర్సీ ఒద్దు, దాని కాలు ఊగుతాది, ఈ మంచమ్మీద కూకో. ఏటన్నావు, ఆదివారమా? రాజాం కాలేజీ పిల్లలూ, మనూరోల్లూ గెడ్డ గట్టున సేతులూ సేతులూ పట్టుకుని కల్లు మూసుకుంటారా? పారే గెడ్డకి హీలింగా? అంటే ఏటి, నయం సెయ్యడమా. బాగున్నాది. అందులో నానెందుకే, మోకాలిసిప్పలు అరిగిపోయినోణ్ణి. ఓహో, మైకట్టుకుని మీ నాయనమ్మ గురించి సెప్పాలా. జగ్గమ్మ ఎనకటికి ఇలాగే ఊరందర్నీ కూడగట్టి గెడ్డని బాగుసేసింది, నా కల్లతో సూసినాను అని సెప్పాలా. ఊఁ.

నీకేటి గేపకముంటాది, నువ్వు పుట్టిన మూడేల్లకే పోయింది. సన్నటి మనిసి, గొంతు మాత్రం ఊరికి సరిపోను. గట్టుమీద నిలబడి "ఒరే త్రినాదూ!" అంటే, అవతల సెరుకుతోటలో ఉన్న నాను "ఒస్తన్నానొదినా" అని పరిగెత్తాల. నాకు వదిన వరస. నోరు ముల్లు, సెయ్యి వెన్న. మా ఇంటిది పురిటికెల్తే నెల్లాల్లు నాకు కూడెట్టింది ఆవిడే. ఉడకబెట్టిన కందికాయలు ఓ గంపెడు ముందరెట్టి, "మింగరా, మొగోడివి, కుండ దించడం రాదు గానీ మీసాలొకటి" అని తిట్టీది. ఆ తిట్లు తింటేనే గానీ కూడు దిగీది కాదు.

మరి పైన అట్టల మిల్లుంది గదా. ఇప్పుడు ఓనర్లు మారినారు గానీ తూము అదే తూము. అందులో పనోల్లంతా ఒరిస్సా కుర్రోల్లు, ఆ గోడల్లోనే ఉండీవోరు. ఊల్లోంచి ఎల్లీది నానొక్కణ్ణే. మిల్లు నీల్లు గెడ్డలోకి ఒదిలే తూముకాడ సెక్రం తిప్పడం నా పని. ముందు సేపలు తేలినాయి. తర్వాత గేదెలు మూతెట్టడం మానీసినాయి. ఓ ఎండాకాలం తెల్లారి సూస్తే, నల్లటి నీల్లమీద తెల్లటి నురగ, బుడగలు బుడగలు, అచ్చం పొక్కుల్లాగ. మీ నాయనమ్మ సంకలో బిందె కిందెట్టీసి, నోటిమీద సెయ్యేసుకుని, "అమ్మో, గెడ్డకి అమ్మోరు పోసిందర్రా!" అన్నాది. నవ్వకే. ఆ పొక్కులు సూస్తే నువ్వూ అలగే అందువు.

గిరిబాబు మేస్టారని ఉండీవోరు, మన బడి మేస్టారు. ఆయన కాయితం పట్టుకుని తిరుగుతన్నారు. "అమ్మోరూ కాదు, అత్తోరూ కాదు జగ్గమ్మా, అది మిల్లు మందునీళ్ళు. కలెక్టరుకి అర్జీ రాశాను, అందరిచేతా వేలిముద్ర వేయించు" అని. ఈవిడేమో, "ఏస్తాం బాబూ. ముందు నా తల్లిని సల్లబడనియ్యండి. ఒంటిమీద అమ్మోరుండగా కచేరీల సుట్టూ తిప్పుతారేటి?" అన్నాది. ఊరు ఆవిడ ఎనకాలే ఎల్లింది.

తొమ్మిది రోజులు. ఇంట్లో పిల్లకి పోస్తే ఏటి సేస్తామో, గెడ్డకీ అదే సేసినాం. గెడ్డలో బట్ట ఉతకలేదు, గట్టుమీద ఎవులూ తిట్టుకోలేదు, ఊల్లో ఏ ఇంట్లోనూ తాలింపెట్టలేదు. ఆవాలు సిటపటమంటే అమ్మోరుకి ఒల్లు మండుతాది గదా. సప్పిడి పప్పు, సప్పిడి సారు. పొద్దు వాల్తే ఆడోల్లందరూ కొత్తకుండల్లో పసుపునీల్లూ యాపమండలూ ఏసిన ముర్రాటలు నెత్తినెట్టుకుని, డప్పుల్తోటి ఎల్లి, "సల్లబడు తల్లీ, సల్లబడు" అని గెడ్డలో ఒంపీవోరు. ఎవుల్దే కులమని ఎవులూ అడగలేదు. అది మాత్రం నిజంగా గొప్పే, మైకులో సెప్పొచ్చు. నానూ ఎల్లీవోణ్ణి. పగలు సెక్రం తిప్పీసి, సాయంత్రం సేతులు కడుక్కుని గెడ్డకి దండమెట్టీవోణ్ణి. దొంగకి తేలు కుట్టినట్టే నా పని.

నాలుగోరోజు నించి నీల్లు తేరుకున్నాయి. తొమ్మిదోరోజుకి అడుగునున్న ఇసక అగుపడ్డాది. మీ నాయనమ్మ మోకాల్లోతు దిగి, మూడు దోసిల్లు తాగి, "సల్లబడ్డాదర్రా నా తల్లి!" అని బోరుమన్నాది. ఊరూరంతా ఏడిసింది. మేస్టారి అర్జీ మరెవులికీ అక్కర్లేకపోయింది. ఆయన అది మడిసి జేబులో ఎట్టుకుని, మర్నాడు బడికెల్లిపోయినారు.

ఇంతవరకూ నిజమే. నా కల్లతో సూసినదే. మూడోరోజు మద్దేన్నం మిల్లులో పెద్ద మిషను బేరింగు పోయింది. సామాను కలకత్తా నించి రావాల. పది రోజులు మిల్లు ఆగిపోయింది. తూము సెక్రం నానే బిగించినాను, ఇవిగో, ఈ సేతుల్తోటే. మేనేజరు పిలిసి, "మీ ఊళ్ళో పూజలు బాగా జరుగుతున్నాయట కదా త్రినాథ్, జరగనీ. బేరింగు సంగతి ఊళ్ళో ఎందుకులే" అన్నాడు నవ్వుతూ. ఊరోల్ల సంతోసం సూసి నోరు రాలేదని మా ఇంటిదాంతో అన్నాను. అబద్దం. పని పోతాదని బయం. నలుగురు పిల్లలమ్మా నాకు.

సామానొచ్చింది, మిల్లు తిరిగింది, నాను సెక్రం తిప్పినాను. నీల్లు మల్లీ నల్లగైపోయినాయి. ఊరేటనుకుంటాది? ఎవులో తాలింపెట్టినారు! ఆలింట్లో వాసనొచ్చింది, ఈలింట్లో సిటపటమన్నాదని ఒకలమీద ఒకలు. మీ నాయనమ్మ మాత్రం కిమ్మన్లేదు. ఆ నోరు అలగ మూతపడిపోతాదని ఎవులనుకున్నారు? రోజూ ఒక్కర్తీ ముర్రాటెత్తుకుని ఎల్లడం, ఆ నీల్లల్లో దిగడం, అవే మూడు దోసిల్లు తాగడం. ఒద్దొదినా అంటే ఇనదు. మూడేల్లు. కాల్లు పుల్లు పడిపోయినాయి, కడుపు పట్టీసింది. శ్రీకాకులం పెద్దాసుపత్రిలో ఏసినారు. దానివల్లేనని ఏ డాక్టరూ అన్లేదు. నాకు డాక్టరు సెప్పాలేటి?

సూడ్డానికెల్లినాను. అందర్నీ బయటికెల్లమని నా సెయ్యట్టుకున్నాది. "మరిదీ, ఎవులికీ సెప్పకు. ఏడోరోజు నానే తాలింపెట్టినాన్రా. ఈస్పరి వట్టిమనిసి కాదు, సప్పిడి కూడు సయించక వాంతులు, ఏడుస్తన్నాది. తలుపేసీసి గరిటెలో నాలుగావగింజలు... నా తల్లి ఒల్లు నానే కాల్సీసినాను. ఊరందరి నీల్లూ నానే పాడుసేసినాను" అన్నాది. ఈస్పరంటే మరెవులు, మీ అమ్మే. కడుపులో ఉన్నది నువ్వు.

ఆవగింజలకీ గెడ్డకీ ఏటీ లేదొదినా, బేరింగు పోయింది, మల్లీ వచ్చింది, అంతే. ఇంతే గదా సెప్పాల? ఎంతసేపు? అక్కడ మేనేజరు కూడా లేడు. నానేటన్నానో తెలుసా? "అమ్మోరు తల్లే గదొదినా, మన్నిస్తాదిలే" అన్నాను. మన్నిస్తాదన్నాను! అంటే తప్పు నీదేనని నానూ ఏలిముద్రేసీసినట్టే గదా. సరేనని తలూపింది. మర్నాడు పోయింది.

ఏటలగ సూస్తావు? ఏడవకే. నువ్వు పుట్టినకాడ్నించి మీ ఇంట్లో ఎప్పుడైనా ఆవాలు సిటపటమన్నాయా, సెప్పు? మీ అమ్మనడిగితే పడదంటాది, గేస్ ట్రబులంటాది. కాదమ్మా. ఆ గరిటెడు సారు తాగింది ఆవిడే గదా. తనవల్లే గెడ్డ పాడైందని మా ఇంటిదాంతో ఎప్పుడో సెప్పుకున్నాది, అప్పుడూ నాను నోరెత్తలేదు. మైకుదేముంది, సెప్తే ముందు ఆవిడకి సెప్పాల. పద. ఆ సేతికర్రందుకో, ఇప్పుడే ఎల్దాం. లెగు.

ఆగు. అబ్బ, ఏటీ ఎండ. ఈపూట ఒద్దులే, రేపెల్దాం. కూకో. అదిగాదు గానీ, మీ నాన్న నువ్వులు దులిపించినాడా?