చెయ్యి అందని చోటు

"వెంకటేశం, చాయ్ జర గట్టిగ పెట్టు! తార్నాకల సామేలు అంటే ఉత్త జువాలజీ ల్యాబు అటెండర్ అనుకుంటున్నరు మీరు. పోయిన ఎండకాలం మా ప్రొఫెసర్ సాబ్ క్లాసుల చెప్పిండు. మన వెన్నుల నొప్పికొక గేటు ఉంటదట, రైలు గేటు తీర్గ. దెబ్బ తాకిన కాడ రుద్దితే, ఆ రుద్దుడు ముందుగాల ఉరికి గేటు బంద్ చేస్తదట. నొప్పి ఇవతల్నే నిలబడ్తదట. బోర్డు తుడుసుకుంట విన్న. విన్నంక ఊకుంటనా? హాస్టల్ల ఒకాయనకు కాలు బెణికితే రుద్దిన. లేసి నడిచిండు."

"అది మా అవ్వ గూడ చేస్తది," అన్నాడు రాజలింగం రిక్షాలో కూర్చునే.

"మీ అవ్వకు సైన్సు తెల్సా? ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? వంటాయన పేరయ్యకు పన్ను నొప్పి. దవడ రుద్దిన. పక్క అర్రలోళ్ల తలనొప్పులు గూడ పోయినయి! నల్లకుంటల బామ్ సీసాలమ్మేటోడు ఉరికొచ్చి కాళ్ల మీద పడ్డడు. 'అన్నా, ఆ చెయ్యి జేబుల పెట్టుకో, నా పిల్లలు బతకాలె' అని. గదేంది, మెట్టుగూడల రైలింజన్ మూలుగుతుంటే దాని పొట్ట రుద్దిన. కూత బంద్! సికింద్రాబాద్ల బండి వచ్చినట్టే ఎవ్వరికీ తెల్వలే!"

అందరూ పగలబడి నవ్వారు. జామపండ్ల గంప ముందు కూర్చున్న బుచ్చవ్వ మాత్రం నవ్వలేదు.

"మెట్టుగూడకెందుకు పోయినవ్ కొడుకా? ఇంజన్ కోసమా, పెండ్లాం కోసమా?"

"ఇంజన్ కోసమే అవ్వా."

"మరి వచ్చినకాంచి ఆ గుంజకు వీపెందుకు రాస్తున్నవ్?"

సామేలు గుంజ వదిలి ముందుకు జరిగాడు.

"రెక్కల నడుమ నొప్పి. నా చెయ్యి అందదు. రాహేలు చేతికే ఇంటది అది. ఇంటికి పోతే ఆ చెయ్యే యాదికొస్తది అవ్వా."

"వాళ్లన్న ముంగట ఏమంటివి? 'నాకు నొప్పే తెల్వది, నువ్వుంటెంత, పోతెంత' అంటివి. అన్న ఎంట మెట్టుగూడకు పోయింది. మొన్న ఆడికి పండ్లు అమ్మబోతే అడిగింది, 'ఆయన వీపు ఎవరు రుద్దుతున్నరవ్వా' అని."

"నువ్వేమన్నవ్?"

"వెంకటేశం హోటల్ గుంజ అన్న."

"నవ్విందా?"

"నవ్వింది. నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నది."

సామేలు చాయ్ సగంలోనే వదిలేసి రిక్షా ఎక్కాడు. రాజలింగం పెడల్ మీద కాలేసి వెనక్కి చూశాడు.

"ఇప్పుడు మెట్టుగూడకు పోయి ఏం కోతలు కోస్తవ్ అన్నా?"

"ఏం కొయ్య. నొస్తున్నదని చెప్తా."